ఫిర్కిన్ అంటే దేనిలో నాలుగో వంతు?

మీరు లెస్టర్‌లో చదువుకుంటూ సాయంత్రాలు ఒక పబ్బులో పని చేస్తున్నారనీ, అక్కడి సెల్లార్‌లో ఉన్న పీపాలను పిన్, ఫిర్కిన్, కిల్డర్‌కిన్ అని పిలుస్తుంటే ఆ పేర్లు ఎక్కడివో పక్కన పని చేసేవాళ్ళు కూడా చెప్పలేకపోయారనీ రాశారు. దానితోపాటు, మన దగ్గర పింట్ అంటే 330 మిల్లీలీటర్ల చిన్న సీసా కదా, ఇక్కడ 568 ఎందుకయింది అని కూడా అడిగారు. నేను ఇరవై రెండేళ్ళు ఇంగ్లండులో మొదట పబ్బుల సెల్లార్లలోనూ, తరువాత ఒక బ్రూవరీలో పీపాలు నింపే విభాగంలోనూ పని చేశాను. ఈ పేర్లంటే నాకు ప్రాణం. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ఈ పేర్లు తాగేవాళ్ళు పెట్టినవి కావు. పీపాలు చేసే వడ్రంగులు, సరుకు పంచుకునే వర్తకులు, పన్ను కట్టించుకునే అధికారులు పెట్టినవి. అందువల్ల వాటిలో చాలా పేర్లు ఎంత పడుతుందో చెప్పవు, వంతు ఎంతో చెబుతాయి. ఇది పెద్దదానిలో సగం, ఇది పావు, ఇది మూడో వంతు, అంతే. ఆ పెద్దది మారినప్పుడల్లా పేరు అలాగే నిలిచి, లోపల పట్టే సరుకు మాత్రం మారిపోయింది. మీ రెండు ప్రశ్నలకూ జవాబు ఇక్కడే ఉంది.

మీ సెల్లార్‌లో ఉన్నవాటితోనే మొదలుపెడతాను. ఇప్పటి బ్రిటిష్ లెక్కలో బీరు బ్యారెల్ అంటే 36 గాలన్లు, దాదాపు 164 లీటర్లు. అందులో సగం కిల్డర్‌కిన్, 18 గాలన్లు. దానిలో సగం ఫిర్కిన్, 9 గాలన్లు, అంటే సుమారు 41 లీటర్లు, పింట్లలో చెప్పుకుంటే 72. ఫిర్కిన్‌లో సగం పిన్. మన పల్లెల్లో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం అంటూ ధాన్యం కొలిచిన పద్ధతి ఇదే. కొలపాత్ర తప్ప మరో సాధనం లేని చోట సగం చేయడం, రెట్టింపు చేయడం ఎవరికైనా కంటికి కనబడే లెక్క. ఎదుటివాడు కూడా అక్కడికక్కడే సరిచూసుకోగలడు. పదో వంతు తీయడం అంత తేలిక కాదు.

ఫిర్కిన్ అన్న మాట మధ్యయుగపు ఇంగ్లీషు రాతల్లో ‘ఫెర్డెకిన్’ అనే రూపంలో కనిపిస్తుంది. ఆ కాలపు డచ్చి భాషలో ‘వీర్డె’ అంటే నాలుగోది, నాలుగో వంతు. చివర వచ్చే ‘కిన్’ చిన్నదాన్ని సూచించే ప్రత్యయం, మనం ఘటం నుంచి ఘటిక అన్నట్టు. అంటే ఫిర్కిన్ అంటే ‘చిన్న పావు’, బ్యారెల్‌లో పావు అని. ఆ పేరు వినగానే పబ్బులో ఇంగ్లీషువాళ్ళు నవ్వుకోవడానికి కారణం ఒక బూతుమాటతో ఉన్న ధ్వని పోలిక మాత్రమే. పుట్టుకలో ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

మరి ఇంగ్లీషు పీపాకు డచ్చి పేరు ఎందుకు వచ్చింది? ఇంగ్లండులో పూర్వం నుంచీ తాగింది ఏల్, అంటే హాప్స్ అనే తీగ పూలు వేయకుండా, మాల్ట్‌తో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో చేసినది. హాప్స్ వేసి కాచిన బీరు 14వ శతాబ్దం చివరి నుంచి డచ్చి, ఫ్లెమిష్ రేవుల మీదుగా దిగుమతి సరుకుగా వచ్చింది. 15వ శతాబ్దంలో ఆ ప్రాంతాల తయారీదారులే వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డారు. హాప్స్ చేదునిస్తాయి, దానికి మించి బీరు త్వరగా పులిసి పాడవకుండా కాపాడతాయి. పాడవని సరుకే పీపాలో దూరం పోగలదు. ఏల్ కాచిన చోటనే నాలుగు రోజుల్లో అయిపోయేది, బీరు ఓడ ఎక్కింది. సరుకుతోపాటు పీపా, పీపాతోపాటు దాని పేరు రేవులో దిగాయి. ఫిర్కిన్‌లో బీరు ఒక్కటే కాదు, వెన్న కూడా నింపి అమ్మేవారు. ఫిర్కిన్ వెన్న అంటే 56 పౌన్లు అని లెక్క.

కిల్డర్‌కిన్ కథ నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అది తిన్నగా మన మార్కెట్ యార్డుల దాకా వస్తుంది. దీని డచ్చి రూపం ‘కిండెకిన్’. ఇందులోనూ అదే ‘కిన్’ ప్రత్యయం ఉంది. దాని ముందున్న మాట ‘క్వింటాల్’. లాటిన్‌లో నూటికి సంబంధించినది అనే అర్థమున్న ‘సెంటెనేరియం’ గ్రీకు మీదుగా అరబ్బీలోకి పోయి ‘కింతార్’ అయింది. అక్కడి నుంచి మధ్యయుగపు లాటిన్‌లోకి ‘క్వింటాలే’గా తిరిగి వచ్చి, యూరప్ భాషల్లో చాలావాటికి పాకింది. వరంగల్ ఏనుమాముల యార్డులో పత్తికీ, గుంటూరు యార్డులో మిర్చికీ క్వింటాల్‌కు ఇంత అని ధర పలుకుతున్నప్పుడు మన రైతు వాడుతున్న మాటా, మీ సెల్లార్ మూలన ఉన్న పీపా పేరూ ఒకే వేరు నుంచి పుట్టినవి. పీపాకు క్వింటాల్ సరిగ్గా పట్టాలని కాదు, ఒక పెద్ద కొలత పేరుకు ‘చిన్న’ అని తోక తగిలించారు, అంతే. అయితే నిండు కిల్డర్‌కిన్‌ను లోహపు బరువుతో కలిపి తూస్తే ఇప్పటికీ దాదాపు ఒక క్వింటాల్ తూగుతుంది. అది కాకతాళీయమే అయినా, దాన్ని దొర్లించిన ప్రతిసారీ నాకు గుర్తుకు వచ్చేది.

సెల్లార్‌లో నా మొదటి వారంలో నాకు పని నేర్పిన పెద్దాయన ఫిర్కిన్ అన్న మాటే ఎప్పుడూ వాడలేదు. ‘నైన్’ అనేవాడు, కిల్డర్‌కిన్‌ను ‘ఎయిటీన్’ అనో ‘కిల్’ అనో అనేవాడు. మీ దగ్గరా అలాగే అంటూ ఉండాలి. పీపాను స్టిల్లేజ్ అనే దిమ్మ మీద పడుకోబెట్టి కదలకుండా చెక్క ముక్కలు దాపు పెట్టి, పైకి తిరిగిన కడుపులో ఉన్న షైవ్ అనే బిరడాకు రంధ్రం చేసి, లోపల బిగుసుకుని ఉన్న గాలి బుస్సుమంటూ పోయేదాకా ఆగాలి. బీరు తేరుకున్నాక ముందు ముఖంలోని కీస్టోన్ అనే చిన్న బిరడాకు కుళాయి ఆనించి చెక్క సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. చెయ్యి తడబడి రెండో దెబ్బ వేయాల్సి వస్తే బీరు చొక్కా మీద ఉంటుంది. మర్నాడు పొద్దున ఎంత మిగిలిందో చూడడానికి షైవ్ రంధ్రంలోంచి ఒక కొలబద్ద దించుతాం. మేం వాడిన కొలబద్దకు ఒక ముఖం మీద 9 అనీ, పక్క ముఖం మీద 18 అనీ చెక్కి ఉండేది. బయటికి తీసినప్పుడు తడి ఎక్కడిదాకా ఉందో చూస్తే, అదే తడి గీత ఒక ముఖం మీద ఒక లెక్క, రెండో ముఖం మీద మరో లెక్క చెప్పేది. ఏ పీపాలో దించామో తెలియకుండా ఆ కొలబద్దను చదివి ప్రయోజనం లేదు. ఈ పేర్లన్నీ అలాంటివే. పావు అని పేరు చెబుతుంది, దేనిలో పావు అన్నది మనం చూసుకోవాలి.

అది ఎంతగా మారిందో చూడండి. హెన్రీ 8 కాలంలో, 1531లో చేసిన చట్టం ప్రకారం ఏల్ బ్యారెల్ 32 గాలన్లు, బీరు బ్యారెల్ 36 గాలన్లు. కాబట్టి ఏల్ ఫిర్కిన్ 8 గాలన్లు, బీరు ఫిర్కిన్ 9 గాలన్లు అయ్యాయి. ఒకే వీధిలో ఇద్దరు ఫిర్కిన్ కొంటే ఒకరికి ఒక గాలన్ ఎక్కువ వచ్చేది, ఇద్దరి లెక్కా న్యాయమే. 8, 16, 32 అన్న ఏల్ వరుస మన మానిక, అడ్డ, కుంచాల్లాగా నికార్సైన రెట్టింపు లెక్క. బీరు వరుసలోని 9, 18, 36 ఆ లెక్కకు కొసరు కలిపినట్టు ఉంటాయి. బ్రూవరీవాళ్ళు తమ పీపాలు తామే చేసుకోకూడదనీ, ఆ పని కూపర్లకే, అంటే పీపాలు చేసే వడ్రంగులకే వదలాలనీ కూడా అదే చట్టం చెప్పింది. సరుకు అమ్మేవాడి చేతిలోనే కొలపాత్ర తయారైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు కదా. ఏల్, బీరు అన్న తేడా పోయి, 36 గాలన్ల బ్యారెల్ అందరికీ ఒకటే అయినది 1803లో. ఆ తరువాత 1824లో గాలనే మారింది. అంతకు ముందు ఏల్ గాలన్ 282 ఘనపు అంగుళాలు, ద్రాక్షసారా గాలన్ 231. ఆ రెండింటినీ తీసేసి, 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పది పౌన్ల నీరు పట్టేది ఒక గాలన్ అని కొత్త ఇంపీరియల్ కొలత పెట్టారు. అదే ఇప్పటి 4.546 లీటర్లు.

బ్యారెల్‌ను దాటి పైకి పోతే హాగ్స్‌హెడ్ 54 గాలన్లు, బట్ 108, టన్ 216. హాగ్స్‌హెడ్ అంటే అక్షరాలా పంది తల. అదే కొలతను డచ్చివాళ్ళూ డేన్‌లూ ఎద్దు తల అంటారు. దేశం మారితే జంతువు మారింది, తల మాత్రం మిగిలింది. పీపా మూత ఆకారం మీదనో, కాల్చి వేసిన ముద్ర మీదనో అల్లిన కథలు చాలా వినిపిస్తాయి, వాటిలో నిలబడేది ఒక్కటీ లేదు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

బట్ అలా కాదు, దాని పుట్టుక స్పష్టం. పీపా అనే అర్థంలో లాటిన్‌లో ‘బుట్టిస్’ అనే మాట ఉండేది. దాని చిన్న రూపం ‘బుట్టికులా’, అంటే చిన్న పీపా, ఫ్రెంచి మీదుగా వచ్చి బాటిల్ అయింది. మన ‘బుడ్డి’ కూడా ఇదే కాబోలు అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. మన ‘సీసా’ గాజు అనే అర్థమున్న పారశీక పదం నుంచి వచ్చింది. ‘పీపా’ మాత్రం నిజంగా ఈ కుటుంబానిదే. పోర్చుగీసువాళ్ళ ‘పీపా’ మన రేవుల్లో దిగి, రూపం మారకుండా తెలుగులోనూ హిందీలోనూ స్థిరపడింది. అదే పదం ఇంగ్లీషులో ‘పైప్’. ద్రాక్షసారా లెక్కలో అది టన్‌లో సరిగ్గా సగం. కాబట్టి మనం ఏ డొల్లకైనా వాడే పీపా అన్న మాట కూడా ఒకప్పుడు నికరమైన కొలత పేరే.

టన్ అన్నది 252 పాత గాలన్ల ద్రాక్షసారా పట్టే మహా పీపా. నిండు టన్ బరువు ఇంచుమించు 2,240 పౌన్లు కావడంతో అదే బరువుకు పేరైంది. ఒక ఓడలో ఎన్ని టన్‌లు పడతాయో లెక్కపెట్టి సుంకం వేయడంతో ఓడ సామర్థ్యానికి టన్నేజ్ అన్న మాట వచ్చింది. బొగ్గు, ఇసుక, చెరకు ఇన్ని టన్నులు అని మనం రోజూ అంటున్నది ఆ పీపా పేరే. ఆ పైప్‌లో మూడో వంతు పీపాను టియర్స్ అనేవారు, మూడోది అని అర్థం, 42 గాలన్లు. 1860ల్లో పెన్సిల్వేనియాలో భూమిలోంచి నూనె తోడినవాళ్ళకు చేతికి దొరికిన పీపాల్లో అది కుదిరింది. అందుకే ఈనాటికీ క్రూడాయిల్ బ్యారెల్ 42 అమెరికన్ గాలన్లు, బీరు బ్యారెల్‌తో దానికి పొత్తు లేదు. అమెరికాలో బీరు బ్యారెల్ 31 అమెరికన్ గాలన్లు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్ళ విందుల్లో కనిపించే పెద్ద స్టీలు కెగ్ అందులో సగం, 15.5 గాలన్లు. కెగ్ అన్న మాట పాత నార్స్ భాషలోని ‘కగ్గి’ నుంచి వచ్చింది, దాని అర్థం కూడా పీపాయే.

ఇక మీ పింట్. ఆ మాట ఫ్రెంచి ‘పింత్’ నుంచి వచ్చింది. దాని వెనుక రంగు పూసినది అనే అర్థమున్న లాటిన్ పదం ఉందనీ, పాత్ర లోపల ఇంతవరకు అని గీసిన రంగు గుర్తే పేరైందనీ భాషాచరిత్రకారుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. నాకు అది నచ్చుతుంది, ఎందుకంటే మీ పబ్బులో గ్లాసు అంచు దగ్గర ముద్రించిన పింట్ గుర్తు ఇప్పటికీ ఆ పనే చేస్తోంది. పింట్ గాలన్‌లో ఎనిమిదో వంతు. ఇంపీరియల్ గాలన్‌లో ఎనిమిదో వంతు 568 మిల్లీలీటర్లు. అమెరికా 1824 నాటి మార్పులోకి రాకుండా పాత 231 ఘనపు అంగుళాల గాలన్‌నే ఉంచుకుంది కాబట్టి అక్కడి పింట్ 473. ఇద్దరూ ఎనిమిదో వంతే పోస్తున్నారు, గాలన్‌లు వేరు.

మన దగ్గరి లెక్క కొంచెం చిక్కుగా ఉంటుంది కానీ ఆసక్తికరమైనది. మన ఆబ్కారీ శాఖ పట్టికల్లో 750 మిల్లీలీటర్ల సీసా క్వార్ట్, 375ది పింట్, 180ది నిప్. జనం వాటినే ఫుల్లు, హాఫ్, క్వార్టర్ అంటారు. క్వార్ట్ అంటే గాలన్‌లో నాలుగో వంతు. క్వార్టర్ అంటే కూడా నాలుగో వంతే, కానీ ఫుల్లు సీసాలో. రెండు మాటలూ ఒకే లాటిన్ పదం నుంచి వచ్చినవే అయినా ఒకటి రెండోదానికి నాలుగు రెట్లకు పైగా పెద్దది. ఫిర్కిన్ కూడా పావే కాబట్టి, పావు అన్న పేరుతో 180 మిల్లీలీటర్ల నుంచి 41 లీటర్ల దాకా మూడు కొలతలు మీ కళ్ళ ముందే ఉన్నాయి.

ఇంపీరియల్ గాలన్‌లో పావు 1,136 మిల్లీలీటర్లు కదా, 750 క్వార్ట్ ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. బ్రిటన్‌లో గ్లాసులో పోసే బీరుకు చట్టపు కొలత ఉన్నా, సీసాల విషయంలో చాలాకాలం వర్తకుల వాడుకే నడిచింది. గాలన్‌లో ఆరో వంతు పట్టే సీసాను ‘రెప్యూటెడ్ క్వార్ట్’ అనేవారు, అంటే క్వార్ట్‌గా చెలామణి అయ్యేది అని. అది 757.7 మిల్లీలీటర్లు. అందులో సగం రెప్యూటెడ్ పింట్, దాదాపు 379. అమెరికా గాలన్ చిన్నది కాబట్టి ఇంచుమించు అదే సీసా అక్కడ ఐదో వంతు అయింది, వాళ్ళు దాన్ని ‘ఫిఫ్త్’ అనే పిలుచుకున్నారు. ఒకే సీసా ఒక దేశంలో గాలన్‌లో ఆరో వంతు, మరో దేశంలో ఐదో వంతు, పేరుకు నాలుగో వంతు. మెట్రిక్ లెక్కలోకి వచ్చినప్పుడు దాన్ని 750కీ, సగాన్ని 375కీ సరిచేశారు. మీరు చెప్పిన 330 మిల్లీలీటర్ల బీరు సీసా వీటిలో దేనికీ చెందదు, అది లీటరులో దాదాపు మూడో వంతు. పూర్తిగా మెట్రిక్ కాలపు సీసా. పెద్ద బీరు సీసా పక్కన నిలబెడితే దాదాపు సగం కాబట్టి, హాఫ్‌కు ఉన్న పింట్ పేరే దానికీ తగిలింది.

ఇలాంటి తేడా ఒకే దేశంలో కూడా ఉంటుందనడానికి ఆస్ట్రేలియా చాలు. సిడ్నీలో స్కూనర్ అంటే 425 మిల్లీలీటర్ల గ్లాసు, 285 మిల్లీలీటర్లదాన్ని మిడ్డీ అంటారు. అదే 285 మెల్‌బోర్న్‌లో పాట్. అడిలైడ్‌లో స్కూనర్ అడిగితే 285 గ్లాసే వస్తుంది, 425ది కావాలంటే పింట్ అనాలి, అసలు పింట్ కావాలంటే ఇంపీరియల్ పింట్ అని విడిగా చెప్పాలి. ఒక్కో రాష్ట్రం తన వాడుక తాను నిలుపుకుంది. జర్మనీలోని బవేరియాలో మాత్రం పేరు మొదటి నుంచీ నిరాడంబరం. అక్కడి ‘మాస్’ అంటే కొలత అని మాత్రమే అర్థం. మెట్రిక్ వచ్చేదాకా అది 1.069 లీటర్లు, ఆ తరువాత సరిగ్గా ఒక లీటరు.

చివరగా మీ పనికి అక్కరకు వచ్చేది ఒకటి. పిన్‌లో 36 పింట్లు పడతాయి, బ్యారెల్‌లో 36 గాలన్లు పడతాయి. బ్యారెల్‌లో ఎనిమిది పిన్‌లు, గాలన్‌లో ఎనిమిది పింట్లు ఉండడం వల్ల అంకె ఇలా కలిసింది. సెల్లార్ పుస్తకంలో కొందరు పింట్లలో రాస్తారు, కొందరు గాలన్లలో రాస్తారు. కాబట్టి ఆర్డరు కాగితం మీద ఎవరైనా వట్టి 36 అని రాసి ఇస్తే, ఫోను చేసే ముందు పీపా పేరు అడిగి పక్కన రాసుకోండి. పిన్ అయితే ఒక్కరే రెండు చేతులతో ఎత్తి స్టిల్లేజ్ మీద పెట్టవచ్చు, బ్యారెల్ అయితే మెట్ల మీద నుంచి దించడానికే ఇద్దరు మనుషులు, మోకులు కావాలి.